తోకకు కుట్టిన గుడ్డ: జమ్మలమడుగు నుంచి కడప విమానాల మైదానానికి

ఆ ఉదయం మా ఇంట్లో అన్ని ఉదయాల్లాగే మొదలైంది. చీకటి ఉండగానే లేచి, బావి దగ్గర నీళ్లు పోసుకుని, దేవుని గూట్లో దీపం పెట్టాను. మరదలు పొయ్యి మీద జొన్న రొట్టెలు తట్టింది. ఇంకో పొయ్యి మీద పడుగుకు పట్టించే గంజి ఉడికింది. ఆడపిల్లలు రాట్నం ముందు కూర్చున్నారు గానీ, కండెలకు చుట్టడానికి ఉన్న నూలు అరపూట పనికే సరిపోతుంది. యుద్ధం ముగిసినా నూలు కంట్రోలు ముగియలేదు. మా ఇంట్లో మూడు మగ్గం గుంటలుంటే ఆ రోజు ఒక్కటే ఆడుతోంది. దాని మీద మా పెద్ద తమ్ముడు రామన్న కూర్చుని నేస్తున్నాడు. చిన్న తమ్ముడు ఓబులేసు వచ్చి గుంట పక్కన నిలబడి, "అన్నా, నా మగ్గం నాకియ్యి" అన్నాడు.

రామన్న చేతిలో పేక పోగు నడిపే నాడె ఆగలేదు. "నీ మగ్గం యాడుండాది? బెంగళూరులో ఉండాదేమో చూసుకో" అన్నాడు.

ఓబులేసు యుద్ధకాలంలో బెంగళూరు పోయి, అక్కడి విమానాల కార్ఖానాలో చేరాడు. కొత్త యుద్ధవిమానాలు కొన్ని కూర్చడం, దెబ్బతిన్నవాటిని బాగుచేయడం అక్కడి పని. తాను విమానాల తోకకు గుడ్డ కుడతానని వాడు చెప్పాడు. ఇనుప పక్షికి గుడ్డేమిటని రామన్న నమ్మలేదు. పైగా సెలవుకు వచ్చిన ప్రతిసారీ వాడి చొక్కాల నుంచి సారా లాంటి ఘాటు వాసన వచ్చేది. అది గుడ్డకు పూసే వార్నీసు వాసన అన్నాడు వాడు. తాగుబోతు మాటల్లే అన్నాడు రామన్న. ఇప్పుడు యుద్ధం పోయింది, కార్ఖానాలో చాలామందికి పని పోయింది, వాడు ఇంటికొచ్చాడు.

మా నేతలో ఒక పద్ధతి ఉంది. చీర కోసి దించాక కూడా పాత పడుగు కొసలను మగ్గంలోనే ఉంచుతాం. కొత్త పడుగు వచ్చినప్పుడు ఒక్కో పోగునూ ఆ కొసలకే ముడివేసి అతుకుతాం. ఓబులేసు వదిలిపోయిన కొసలు వాడి మగ్గంలో దుమ్ము పట్టి అట్లాగే ఉన్నాయి. వాటిని కోసేసి ఆ గుంటను తన రెండో కొడుక్కు ఇవ్వాలని రామన్న అనుకుంటున్నాడు. కొసలు కోస్తే ఆ మగ్గం మీద ఓబులేసు పేరు పోయినట్టే.

కడప దగ్గరి మైదానంలో యుద్ధకాలపు విమానాలను వేలానికి పెట్టారనీ, వేలానికి ముందు సరుకు చూసుకోవడానికి ఎవరినైనా లోపలికి వదులుతున్నారనీ అంతకుముందే మా నూలు వర్తకుడు చెప్పాడు. "కొసలు కోసే ముందర వాడు చెప్పే గుడ్డ ఉండాదో లేదో చూసొద్దాం. ముగ్గురమూ పోదాం" అన్నాను. నేను ఇంటికి పెద్దదాన్ని. రామన్న కాదనలేదు.

మరుసటి రోజే బయల్దేరాం. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు స్టేషనుకు తెల్లవారుజామున ఒక బస్సు ఉంది. ఇంకా బొగ్గు మీద నడిచే బస్సే అది. మనిషికి నాలుగణాలు. బస్సు వెనక కట్టిన పొయ్యిని క్లీనరు ఇనుప చువ్వతో కలియబెట్టి, గాలి కొట్టి, అరగంట రగిలిస్తేనే కదులుతుంది. ఎత్తు వచ్చినప్పుడల్లా మగవాళ్లు దిగి నడవాలి. దారికి రెండు పక్కలా నాపరాళ్లు నిలబెట్టిన చేల గట్లు, కోతలైన జొన్న మోళ్లు, నల్లరేగడి. నేను కళ్లు మూసుకుని నా జపం చేసుకున్నాను. తమ్ముళ్లిద్దరూ నాకు చెరో పక్కా కూర్చుని, చెరో కిటికీలోంచి చూస్తూ వచ్చారు.

ముద్దనూరులో రైలు రావడానికి వేళ ఉండటంతో స్టేషను బయట ఉగ్గాని తిన్నాం. నానబెట్టిన బొరుగులకు తాలింపు పెట్టి, పప్పుల పొడి చల్లి, మిరపకాయ బజ్జీతో ఇస్తారు. ఆకుకు అణా. వడ్డించే అవ్వ మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"యాడికి తల్లీ, అన్నదమ్ముల్ని ఎంటేసుకోని?"

"కడపకు అవ్వా. విమానాలు చూసేదానికి."

"అయ్యో, అవి నెత్తిన పోతాంటే ఈడ్నించే కనపడ్తాయి గదా! దుడ్లు పోసి రైలెక్కల్లా?"

"దాని తోక చూడల్లంట అవ్వా మా యక్క" అన్నాడు రామన్న.

"గొర్రెను కొనేటోళ్లు తోక చూస్తారు. దీన్ని కొంటారేమప్పా మీరు?" అంది అవ్వ. ఓబులేసు ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

మూడో తరగతి పెట్టెలో ఎర్రగుంట్ల, కమలాపురం దాటి పది గంటల వేళకు కడప చేరాం. స్టేషను ముందు జట్కాలు ఉంటాయి. పోను రాను కలిపి మాట్లాడుకోండి, మైదానం దగ్గర తిరుగు బండి దొరకదు. మా జట్కా సాయిబు ముందు రెండు రూపాయలన్నాడు, తర్వాత రూపాయిన్నరకు ఒప్పుకున్నాడు.

"వేలానికి ప్రొద్దుటూరు సేట్లు శానా మంది వచ్చినారమ్మా. నిన్న ఒకాయన నా బండ్లోనే వచ్చినాడు. విమానాన్ని కరగబెట్టి సత్తు గిన్నెలు చేస్తాడంట" అన్నాడు.

"ఎగిరేదాన్ని కొని గిన్నెలు చేసేదేంది?" అన్నాడు రామన్న.

"ఎగిరేదానికి పెట్రోలు పొయ్యల్ల. గిన్నెకు నీళ్లు చాలు గదప్పా!"

మైదానం గేటు దగ్గర సిపాయి పేర్లు అడిగి లోపలికి వదిలాడు. ముళ్లకంపల మధ్య పొడవాటి చదును నేల. దాని అంచున విమానాలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఒక్క మనిషి కూర్చునే యుద్ధవిమానాలు అవి. నేను అంతవరకూ ఆకాశంలో చప్పుడు వినడమే తప్ప నేల మీద చూసింది లేదు. ముక్కు పైకెత్తి, తోక కిందికి వాల్చి, ఎండకు రంగు వెలిసి ఉన్నాయి. రెక్కల ముందు అంచున తుపాకుల కోసం చేసిన రంధ్రాలున్నాయి. తుపాకులు ముందే తీసేశారట. ఆ రంధ్రాల ముందు నేను కొంచెంసేపు నిలబడ్డాను.

రామన్న నేరుగా పోయి విమానం పొట్ట మీద వేలి ఉంగరంతో కొట్టాడు. ఠంగుమంది. రెక్క మీద కొట్టాడు. మళ్లీ ఠంగుమంది. నా వైపు తిరిగి, "వింటివా అక్కా? నీ చిన్న తమ్ముని గుడ్డ" అన్నాడు.

ఓబులేసు ముఖం వాడిపోయింది. తోక దగ్గరికి నడిచాడు. విమానాన్ని తిప్పే చుక్కాని అక్కడ నిలువుగా ఉంటుంది. "ఈడ కొట్టన్నా" అన్నాడు.

రామన్న కొట్టాడు. ఠంగుమనలేదు. కాచిన డప్పులాగా మోగింది. నేను దగ్గరికి పోయి గోటితో రాశాను. రంగు పొర కింద పడుగూ పేకా నా వేలికి తగిలాయి. రామన్న వంగి, కన్ను దగ్గరగా పెట్టి చూశాడు. అప్పుడు వాడు వాదం మరిచిపోయాడు. "మంచి నేత. పోగులు ఒత్తుగా ఉండాయి" అన్నాడు తనలో తను.

ఓబులేసు చెప్పడం మొదలుపెట్టాడు. వాడు అంతసేపు మాట్లాడగా నేను వినడం అదే మొదలు. తోక తేలిగ్గా తిరగాలి కాబట్టి దానికి రేకు బదులు గుడ్డ వేస్తారట. లోపలి బద్దలకు గుడ్డను కుట్టి, ఒక్కో కుట్టుకూ విడిగా ముడి వేస్తారు. ఒకటి తెగినా పక్కది నిలవాలి. తర్వాత వార్నీసు పొర మీద పొర పూస్తే గుడ్డ బిగుసుకుంటుంది. తనిఖీ మనిషి వచ్చి బొటనవేలితో నొక్కి చూస్తాడు. చివరికి పైలటు ఎక్కి దాన్ని ఎగరేసి చూస్తాడు.

"అప్పుడు మేమంతా పని ఆపేసి బయటికొచ్చి నిలబడేటోళ్లం అక్కా. అందరూ ముక్కు చూస్తే నేను తోక చూస్తాంటి. అది కిందికి దిగేదాంకా నీ దీపం గుర్తు చేసుకుంటాంటి."

"యుద్ధానికి పోయినాక?" అని అడిగాను.

"ఆపైన నాకు తెల్దక్కా. దాని చేత ఎవరు చచ్చినారో, ఎవరు బతికినారో. నా చేతిలో ఉండేది తోకే."

పక్కనే విరిగిన చుక్కాని ఒకటి నేల మీద పడి ఉంది. దాని గుడ్డ చిరిగి వేలాడుతోంది. రామన్న చిన్న పీలిక తీశాడు. నూలు పత్తిదో కల్తీదో తెలియాలంటే పోగు కొసను కాల్చి వాసన చూడటం, బూడిద నలిపి చూడటం మా వాళ్ల అలవాటు. సంతలో కొత్త చీర కనబడినా చేయి అగ్గిపెట్టె మీదికి పోతుంది. ఓబులేసు "అన్నా, వద్దు!" అనేలోపే రామన్న పుల్ల గీశాడు.

పీలిక భగ్గుమంది. రామన్న దాన్ని విసిరేసి వెనక్కి ఉరికాడు. మీసం ఒక పక్క మాడింది. ఓబులేసు కాలితో తొక్కి మంట ఆర్పాడు. సిపాయి తిట్టుకుంటూ పరిగెత్తుకొచ్చి అగ్గిపెట్టె లాక్కున్నాడు.

"గుడ్డ ఇట్ల కాల్తాదా యాడన్నా? దీనికి ఏం పూసినార్రా?" అన్నాడు రామన్న మీసం తడుముకుంటూ.

"చెప్పినా గదన్నా, వార్నీసని."

అమ్మకానికి పెట్టిన సామాన్ల కొట్టంలో ఆ వార్నీసు డబ్బాలు కూడా పేర్చి ఉన్నాయి. సిపాయిని అడిగి ఓబులేసు ఒక డబ్బా మూత ఎత్తాడు. నాకు తెలిసిన వాసనే వచ్చింది. నాలుగేళ్లుగా వాడి చొక్కాలు ఉతికిన చేతులు ఇవి. రామన్న వంగి పీల్చాడు. చటుక్కున తల వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ వంగి పీల్చాడు.

"దినమూ పూసేవానివా దీన్ని?"

"దినమూ."

"తల తిరగదా?"

"తిరుగుతాది. అందుకే పూసేటోళ్లకు పాలు పోసేటోళ్లు."

"చెప్పింటే..." అని ఆగాడు రామన్న. చెప్పాడని వాడికీ గుర్తొచ్చింది. "మూత పెట్టు" అన్నాడు నెమ్మదిగా.

తిరిగి వస్తూ మళ్లీ తోక దగ్గర ఆగాం. ఇది మీ కార్ఖానాదేనా అని ఓబులేసును అడిగాను. తెలియదన్నాడు. రామన్న కుట్లను మరోసారి చూశాడు. "ఇది వాని కుట్టు కాదులే అక్కా. వాని ముడి ఇంకా సన్నం" అన్నాడు. ఓబులేసు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మాకు కొంచెం దూరంలో ప్రొద్దుటూరు సేటు ఒకాయన రేకును తట్టి చూసుకుంటున్నాడు. గుడ్డనేం చేస్తారని అడిగాను. "అది దేనికి పనికొస్తాదమ్మా? చించి పారేస్తాం" అన్నాడు.

మధ్యాహ్నం రైల్లో ఆ మాటే నా మనసులో తిరిగింది. యుద్ధానికి చేసిన వస్తువు వంటింటి గిన్నె అవుతుందంటే దేవుని దయే అనుకున్నాను. ఆ గిన్నెలో అన్నం వండుకునేవాళ్లకు తోకకు గుడ్డ ఉండేదని తెలియదు. కుట్టినవాడికి కూడా అది ఎవరిని కాపాడిందో, ఎవరిని చంపిందో తెలియలేదు. ఆ రోజు జపంలో నేను ఇద్దరి కోసమూ దండం పెట్టుకున్నాను, దాంట్లో కూర్చుని ఎగిరినవాడి కోసమూ, కింద ఉన్నవాడి కోసమూ.

చూడదలచినవాళ్లకు ఒక్క మాట. పొద్దెక్కకముందే మైదానం చేరండి, ఎండెక్కితే ఆ రేకు మీద చేయి పెట్టలేరు. అగ్గిపెట్టె మాత్రం జట్కాలోనే వదిలి పోండి.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం. రామన్న మీసం చూసి పిల్లలు నవ్వారు. తిన్నాక అందరం మగ్గాల సాలలో కూర్చున్నాం. ఇన్నాళ్లూ సామాన్లతో నిండి ఉన్న మూడో గుంటను ఖాళీ చేసి, రెండో కొడుకును అందులో కూర్చోబెడతానని రామన్నే ముందు చెప్పాడు. ఈసారి వచ్చే కంట్రోలు నూలు ఓబులేసు మగ్గానికే ఎక్కాలన్నాడు. నేను సరేనన్నాను. మరదలు లేచి తడిగుడ్డ తెచ్చి, ఓబులేసు మగ్గంలోని పాత కొసల మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టింది.

"మెల్లిగా తుడువు, తెగుతాయి" అన్నాడు రామన్న. తర్వాత తమ్ముని వైపు చూడకుండా, "ఇంట్లో ఏ పడుగొచ్చినా ఇంక అతికేది వాడే. నా ముళ్లు లావు" అన్నాడు.