జాగా మార్చి మాట్లాడు

కొత్తగూడలో మేము చాలా ఏళ్ళు అద్దెకున్న ఇంటి యజమానురాలు పోయిన వారం కన్నుమూసింది. వాళ్ళబ్బాయి ఫోన్ చేసి, "అక్కా, అమ్మ పోయింది" అన్నాడు. తర్వాత తనే, "టీవీ చూసుకుంటనే పోయింది" అన్నాడు. ఏం చూస్తూ పోయింది అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. ఆమె వింటే మాత్రం మొదట అడగాల్సింది అదేనని నన్ను మెచ్చుకునేది.

ఓనరమ్మ అనేవాళ్ళం ఆమెను. కొత్తగూడ ఇంకా ఊరుగా ఉన్నప్పుడు అక్కడ పుట్టిన మనిషి. చుట్టూ అద్దాల ఆఫీసులు లేచాక పొలం పోయి, ఈ మూడంతస్తుల ఇల్లు మిగిలింది. కింద కొడుకుతో ఆమె, మధ్యలో మేము, పైన గోదావరి జిల్లా కుర్రాడొకడు. మాది కడప జిల్లా. నేనూ మా ఆయనా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకని వచ్చినవాళ్ళం.

సినిమాలంటే అందరికీ ఇష్టమే. ఓనరమ్మకు అవార్డుల పిచ్చి. అవార్డు ఫంక్షన్ టీవీలో వస్తుందంటే తలస్నానం చేసి, మంచి చీర కట్టి, పౌడరు రాసుకొని టీవీ ముందు కూర్చునేది. "ఏం ఓనరమ్మా, మీకు గానీ పిలుపొచ్చిందా?" అని ఏడిపిస్తే, "పెండ్లికి ఉత్తగనే పోతమా బిడ్డా" అనేది. ఆమె ఎంచిన నటికి ఒక్కసారైనా అవార్డు రాలేదు. అందుకు బాధపడేది కూడా కాదు. "ఇయ్యనోనికే సిగ్గు" అని టీవీ కట్టేసి అన్నం వడ్డించుకునేది.

ఆదివారం మధ్యాహ్నాలు కింద బండ్లు పెట్టుకునే చోట, నీడలో, మా వాదనలు సాగేవి. ఆమె నులకమంచం మీద చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంటే మాలో ఒకరు ఆ మంచం చివర, మిగతావాళ్ళు మెట్ల మీద. ఉత్తమ నటుడెవరు, ఎవరికి అన్యాయం జరిగింది, ఎవరు పైరవీ చేయించుకున్నారు, ఇవే మాటలు. "ముఖం అందరిదీ ఏడుస్తది. చేతులు ఏడ్వాలె. గప్పుడే నటన" అనేది. నేనిప్పటికీ సినిమాలో ఎవరైనా ఏడుస్తుంటే చేతులే చూస్తాను.

ఆమెకొక పద్ధతి ఉండేది. ఎవరి గొంతైనా లేచిందంటే, "ఇగ జాగా మార్చున్రి" అనేది. మంచం మీదివాళ్ళు మెట్ల మీదికి, మెట్ల మీదివాళ్ళు మంచం మీదికి మారాలి. అంతటితో అయిపోదు. ఇందాక తిట్టిన నటుడి తరఫునే ఇప్పుడు వాదించాలి, అదీ మనస్ఫూర్తిగా. పొలం గట్ల తగాదాల్లో వాళ్ళ నాయన అన్నదమ్ముల చేత ఇట్లాగే చేయించేవాడట. గోదావరి కుర్రాడు ప్రాణం పెట్టే హీరో నాకు గిట్టడు. ఓసారి మంచమెక్కి ఆ హీరో గురించి మాట్లాడాల్సి వచ్చింది. వెతగ్గా వెతగ్గా, ఒక సినిమాలో దవాఖాన వరండాలో అతను మాటా పలుకూ లేకుండా నిలబడిన సీను గుర్తొచ్చింది. బాగా చేశాడు మరి. చెప్తుంటే నా మీద నాకే కోపం వచ్చింది.

తర్వాత ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వేడెక్కింది. బందులు, రాస్తారోకోలు. ఆఫీసు క్యాబులు వచ్చే రోజు ఏదో, రాని రోజు ఏదో తెలిసేది కాదు. వాళ్ళబ్బాయి మెడలో కండువాతో పొద్దున పోతే చీకటి పడ్డాకే వచ్చేవాడు. ఆఫీసు క్యాంటీన్‌లో మాటలు గుసగుసలయ్యాయి. "ఆంధ్రావాళ్ళ చేత ఇళ్ళు ఖాళీ చేయిస్తున్నారంట" అని ఒకామె చెప్పింది. మేము సీమవాళ్ళమైనా ఆ లెక్కలో ఆంధ్రావాళ్ళమే. పాపను మొన్ననే పక్క సందులోని బడిలో వేశాం. ఉన్నట్టుండి పొమ్మంటే యాడికి పోవాల? కింద గేటు చప్పుడైతే చాలు, చేతిలో పని ఆగిపోయేది.

ఆ ఏటి అవార్డులు ప్రకటించిన ఆదివారం, ఎన్నడూ మా వాదనల్లో కూర్చోని వాళ్ళబ్బాయి వచ్చి నిలబడ్డాడు. ఉత్తమ నటుణ్ణి సరిగ్గానే ఎంచారని గోదావరి కుర్రాడు అంటున్నాడు.

"మా మాట మాట్లాడే పాత్రకు ఎన్నడన్న ఇచ్చిండ్రా అవార్డు?" అన్నాడు వాళ్ళబ్బాయి. "సినిమాలల్ల మా లెక్క మాట్లాడేటోడు రౌడీ, లేకుంటే నవ్వులాటకు పెట్టుకున్న పనోడు."

"యాసని బట్టి అవార్డులు ఇవ్వరు కదండీ" అన్నాడు కుర్రాడు.

"యాస నీకు. మాకు అమ్మ మాట."

గొంతులు లేచాయి. ఓనరమ్మ జాగా మార్చమనలేదు. చిక్కుడుకాయల గిన్నె తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది. అరుపుల కంటే ఆమె అట్లా వెళ్ళడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. కొద్ది రోజులకే ఆ కుర్రాడు కూకట్‌పల్లిలో బంధువులింటికి మారిపోయాడు.

ఇక మా వంతే అనుకున్నాను. అనుకున్నట్టే ఒక మధ్యాహ్నం వాళ్ళబ్బాయి తలుపు దగ్గరికొచ్చి, "అక్కా, అమ్మ కిందికి రమ్మంటున్నది" అన్నాడు. మా ఆయన ఆఫీసులో ఉన్నాడు. వాళ్ళు పొమ్మనకముందే మనమే పోతామంటే మర్యాదైనా దక్కుతుందని మెట్లు దిగుతూ నిశ్చయించుకున్నాను.

"మేమే ఖాళీ చేస్తాం ఓనరమ్మా. మా వల్ల మీకు మాట రాకూడదు" అన్నాను నిలబడే.

ఆమె ముఖం చిన్నబోయింది. "పొమ్మని నేనన్ననా?"

వాళ్ళబ్బాయి నేలచూపులు చూస్తూ, "మావోళ్ళు అడుగుతున్నరక్కా. ఇంట్ల ఆంధ్రోళ్ళను పెట్టుకొని ధర్నాల ఎట్ల కూసుంటవని" అన్నాడు.

ఓనరమ్మ మంచం దిగింది. "జాగా మార్చున్రి" అంది.

నన్ను రెక్క పట్టి మంచం మీద కూర్చోబెట్టింది. కొడుకును మెట్ల మీద కూర్చోమంది. "ఇల్లు నీది బిడ్డా. ఊరు నీది. మాట్లాడు" అంది నాతో.

ఆమె కదల్లేదు. చివరికి మొదలుపెట్టాను. మా పొలాల్లో ఆఫీసులు లేచినాయి, వాటిలో మా పిల్లలకు దొరికింది గేటు కాడి ఉద్యోగం అన్నాను. మేం నోరు తెరిస్తే నవ్వుతారు అన్నాను. ఇవన్నీ ఆమె చెప్పగా ఏళ్ళుగా విన్నవే. నా నోటితో అంటుంటే, సినిమాల్లో మా సీమ మాట మాట్లాడేవాడు కత్తి పట్టుకొనే కదా వస్తాడు, ఆ అవమానం నాకూ తెలుసు కదా అనిపించింది.

"ఇగ నువ్వు" అంది కొడుకుతో.

"మీది అంతస్తుల కిరాయికున్న" అన్నాడతను. మొదట వెటకారంగానే అన్నాడు. "పాపను బడిల ఏసిన. గేటు సప్పుడైతే..." అని ఆగిపోయాడు. నా వైపు చూశాడు. అతనికి తెలుసన్నమాట, ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాడు. "గేటు సప్పుడైతే పరేషాన్ అయితున్న" అని మెల్లగా ముగించాడు.

ఓనరమ్మ నా వైపు తిరిగింది. "ఇంటామెవు నువ్వు. తీర్పు చెప్పు. పంపిస్తవా వీన్ని?"

"ఎట్ల పంపిస్తాను" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"గంతే మరి. నువ్వే చెప్పినవ్" అంది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "రాష్ట్రం మాకు కావాలె. గది యేరే లడాయి. నీ పిల్ల బడికి దానికి సంబంధం లేదు" అంది.

ఆ మాటతో నా భయం పోయిందని చెప్తే అబద్ధం. ఆమె మాట చెల్లేది గేటు వరకే, బయట చాలా ఊరుంది. అయినా ఉన్నాం.

తెలంగాణ వచ్చిందని టీవీలో చెప్పిన సాయంత్రం సందంతా డప్పులు, టపాసులు. మా ఆయన ఇంకా దారిలోనే ఉన్నాడు. నేను గడియ పెట్టి, లైట్లార్పి, పాపను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. తలుపు చప్పుడైంది.

"నేనే బిడ్డా."

తీశాను. నెత్తి నిండా, భుజాల నిండా ఎర్రటి గులాల్ పొడి. ఊపిరాడనంత సంతోషంలో ఉంది. "ఇయ్యాల అవార్డు మాకొచ్చింది" అంది. "నువ్వు సప్పట్లు కొట్టకున్నా ఏం గాదు. తలుపు మాత్రం మూయకు."

అని మా గడపలోనే, మెట్ల వైపు తిరిగి కూర్చుంది. కింద నుంచి ఎవరో ఆడటానికి రమ్మని కేకేశారు. "ఆడున్రి, వస్త" అంది గానీ లేవలేదు. నా ఒళ్ళోంచి పాప జారి, చీకట్లో నడుచుకుంటూ వెళ్ళి ఆమె భుజం పట్టుకుంది. చిన్న అరచెయ్యి ఎర్రగా అయింది. దాన్ని ఇటూ అటూ తిప్పి చూసుకొని, మునివేళ్ళ మీద లేచి, ఆ చేత్తోనే లైటు వేసింది.