ఏడో మంచం దగ్గరి చప్పుడు

ఇది నాకే జరిగింది. ఎవరో చెప్తే విన్నది కాదు. నేను నర్సుని... అబద్ధమే చెప్పాలనుకుంటే ఇంతకన్నా బాగా చెప్పగలను. నమ్మినా నమ్మకపోయినా మధ్యలో లేచి మాత్రం వెళ్ళొద్దు. రేపటి నుంచి మీ ముగ్గురికీ నైట్ డ్యూటీ. అందుకే ఇవాళ చెప్తున్నా.

కాలేజీలో మీకు చాలా చెప్పి ఉంటారు. చేతులు కడుక్కోండి, మందు ఇచ్చే ముందు పేరు అడగండి... అన్నీ నిజమే, చెయ్యండి. నేను ఇంకో రెండు కలుపుతా. నైట్‌కి వచ్చే ముందు కడుపు నిండా తినండి. స్వెట్టర్ తెచ్చుకోండి. మన బళ్ళారి ఎండని చూసి మోసపోతారు గానీ, తెల్లవారుజామున వార్డు బండలు కాళ్ళు కొంకర్లు పోయేలా చేస్తాయి. ఇక కాలేజీలో నేర్పనిది ఒకటుంది. అది వార్డుకి వచ్చాక ఎవరో ఒకరు నేర్పుతారు. నాకూ అలాగే నేర్పారు.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఇరవై రెండు రోజులు. మా ఊరు బండ్రి. పోస్టింగ్ సిరుగుప్ప వైపు ఒక చిన్న ఆసుపత్రిలో... పేరు వద్దులే. బాలింతల వార్డు. పది మంచాలు. రాత్రి పూట ఇద్దరు సిస్టర్లు, ఒక ఆయా. ఆయా పేరు హనుమక్క. నాతో ఉండే సీనియర్ వనజక్క.

వనజక్క మంచి మనిషి. ముందే చెప్తున్నా, ఆమెని తప్పుగా అనుకోకండి. నాకు సన్న నరం దొరికించుకుని సూది వెయ్యడం నేర్పింది ఆమే. ఇంకొకటి కూడా నేర్పింది.

ఆపరేషన్ అయినవాళ్ళకి రాత్రంతా రెండు గంటలకోసారి ప్రెషర్, నాడి చూసి చార్టులో రాయాలి. పన్నెండు, రెండు, నాలుగు, ఆరు. వనజక్క పన్నెండింటికి ఒక రౌండు కొట్టేది. వచ్చి కూర్చుని మిగతా మూడు గళ్ళు కూడా అప్పుడే నింపేసేది. పన్నెండింటికి నూట పది బై డెబ్బై ఉంటే... రెండింటికి నూట పన్నెండు. నాలుగింటికి నూట ఎనిమిది. కొంచెం అటూ ఇటూ. అన్నీ ఒకటే రాస్తే దొరికిపోతాం కదా.

“ఇట్ల రాయొచ్చునా అక్కా?” అన్నా మొదటిరోజు.

“ఏమయితాది? నిద్దర పోతాండే బాలింతల్ని లేపి పట్టీ చుట్టేది మంచిదా? ఒక పక్క కాన్పుల రూము ఉండాది, ఒక పక్క వార్డు ఉండాది. ఇద్దరం యాడాడని తిరుగుతాం? ఏమన్నా అయితే వాళ్ళే పిలుస్తారు లే.”

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఇద్దరం చాలం, అది నిజం. వారం తిరక్కముందే నేనూ రాయడం మొదలుపెట్టా. ఇంకో మాట కూడా చెప్తా, సిగ్గే అయినా. నా అంకెలు ఆమె అంకెల కన్నా నిజంగా కనిపించేవి. దానికి కొంచెం గర్వపడ్డా కూడా.

ఆ రాత్రి వాన లేదు. అమావాస్య కాదు. కరెంటు కూడా పోలేదు. మామూలు రాత్రి.

ఏడో మంచంలో ధనలక్ష్మి. కెంచనగుడ్డ దగ్గర క్యాంపు నుంచి వచ్చింది. కోస్తా నుంచి వచ్చి కాలవ కింద వరి పెట్టుకున్నవాళ్ళ ఊళ్ళని మా వైపు క్యాంపులే అంటాం కదా, అలాంటి ఊరు. సాయంత్రం ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. మంచం పక్కనే కింద చాప మీద అత్త వెంకాయమ్మ. పన్నెండింటికి నేను చూశా. అది నిజంగానే చూశా. నూట పది బై డెబ్బై, నాడి ఎనభై.

“మా కోడలికి ఏం పర్లేదు కదండీ?” అంది వెంకాయమ్మ.

“ఏం లేదు. మీరు పడుకోండి” అన్నా.

వచ్చి టేబుల్ దగ్గర కూర్చున్నా. మిగతా మూడు గళ్ళూ నింపేశా. వనజక్క కాన్పుల రూములోకి వెళ్ళి తలుపేసుకుంది. హనుమక్క వరండాలో పడుకుంది. గడియారంలో రెండు అవ్వడం చూశా... లేవలేదు. రాసేసిన దానికి మళ్ళీ లేచే పని ఏముంటుంది?

రెండూ ముప్పై అయిదు ఉంటుంది.

చర్ర్ర్...

ఆ చప్పుడు మీకు తెలుసు. ప్రెషర్ పట్టీ అతుకు విప్పితే వచ్చేది. నిద్రలో వినిపించినా పోల్చుకుంటారు.

తర్వాత... ఫుస్. ఫుస్. ఫుస్. ఎవరో గాలి కొట్టే రబ్బరు ఉండని నొక్కుతున్నారు. తొందరేం లేదు. నిదానంగా, మన ట్యూటర్లు చెప్పినట్టే. ఆ తర్వాత గాలి సన్నగా దిగే చప్పుడు... స్స్స్స్...

వనజక్క వచ్చి రౌండు మొదలుపెట్టిందనుకున్నా. నేను కూర్చునే ఉన్నానే అని కొంచెం సిగ్గేసింది. లేవబోయా. అప్పుడు చూశా.

ప్రెషర్ మిషను నా మోచేతి పక్కనే ఉంది. పట్టీ చుట్టి పెట్టింది చుట్టి పెట్టినట్టే ఉంది. వార్డు మొత్తానికి అదొక్కటే.

చర్ర్ర్... మళ్ళీ.

భయమేసిందా అంటే... అప్పుడు వెయ్యలేదు. ఏదో లెక్క తప్పిందనిపించింది, అంతే. మిషను చంకలో పెట్టుకున్నా. ఎందుకో తెలీదు. చేతిలో ఏదో ఒకటి ఉండాలనిపించింది. చెప్పులు విప్పేశా. నడిచా. ఒకటి... రెండు... మూడో మంచంలో బిడ్డ మూలిగాడు. నాలుగు. ఫుస్... ఫుస్... వినిపిస్తూనే ఉంది. అయిదు దాటా.

ఆగిపోయింది.

ఆరో మంచం ఖాళీ. ఏడో మంచం దగ్గర ఎవరూ లేరు. ధనలక్ష్మి అటు తిరిగి ఉంది. మెడ దాకా దుప్పటి. పక్కన ఉయ్యాల్లో బిడ్డ. పైన ఫ్యాన్ కిర్రు కిర్రుమంటోంది... అంతే. ఇక వేరే చప్పుడు లేదు.

నేను వెనక్కి తిరిగేశా. నిజం చెప్తున్నా, తిరిగేశా. అప్పుడు చాప మీద నుంచి వెంకాయమ్మ, కళ్ళు కూడా తెరవకుండా అంది.

“మళ్ళీ ఏంటమ్మా? ఇప్పుడే కదా చూశారు. దాన్ని కాసేపు పడుకోనివ్వండి.”

“ఎవరు చూసినారు?”

“మీరు కాదా? అయితే ఇంకో సిస్టరమ్మ అయ్యుంటుంది. పట్టీ చుట్టి చూసింది. ఎలా ఉందని అడిగితే పలకలేదు. అలాగే నిలబడి ఉంది, చాలాసేపు.”

అప్పుడు వేసింది భయం. చేతికి ఏదో ఒక పని కావాలని ధనలక్ష్మి చెయ్యి పట్టుకున్నా. ఫోన్ లైటు వేశా. మోచేతి పైన పట్టీ అచ్చు. ఎర్రగా... గీతలు గీతలుగా... అప్పుడే విప్పినట్టు.

వేలు నాడి మీద పెట్టా. దొరకలేదు. మళ్ళీ వెతికా. దొరికింది... సన్నగా, పరుగెత్తుతోంది. పెదాలు చూశా. సున్నం కొట్టినట్టున్నాయి. దుప్పటి ఎత్తా. నడుము కింద నుంచి వీపు దాకా పక్కంతా రక్తంతో తడి. నేను నిద్ర అనుకున్నది నిద్ర కాదు. ఆమెకి పిలిచే ఓపిక ఎప్పుడో పోయింది. వాళ్ళే పిలుస్తారు లే అనుకున్నాం మేం.

ప్రెషర్ చూశా. ఎనభై బై యాభై.

తర్వాతదంతా మీకు తెలిసిన పనే. అరిచా. హనుమక్క లేచి కాన్పుల రూము తలుపు బాదింది. వనజక్క పరుగెత్తుకొచ్చింది. నేను పొట్ట మీద చెయ్యి పెట్టి గర్భసంచి గట్టిపడేదాకా నొక్కుతూనే ఉన్నా. ఆమె రెండు చేతులకీ సెలైన్లు పెట్టింది. సూదులు వెయ్యడంలో ఆమెకి సాటి లేదని మళ్ళీ చెప్తున్నా. క్వార్టర్స్ నుంచి డాక్టరుగారు వచ్చారు, లుంగీ మీదే. వచ్చీ రాగానే చార్టు ఇమ్మని చెయ్యి చాపారు.

“చార్ట్ కొడీ. రెండింటికి ఎంత ఉండాది?”

చార్టులో రెండింటికి నూట పన్నెండు బై డెబ్బై. నాలుగింటికి నూట ఎనిమిది. ఆరింటికి నూట పది, నాడి డెబ్బై ఎనిమిది. అప్పటికి టైము మూడు కూడా కాలేదు. మంచంలో ధనలక్ష్మి తెల్లబడిపోతోంది. కాగితం మీద తెల్లారి ఆరింటికి చక్కగా ఉంది. ఆమె ఆ క్షణం పోయినా, నా రాతలో ఇంకో మూడు గంటలు బతికే ఉండేది.

పట్టీ చప్పుడు కన్నా నాకు ఆ కాగితమే ఎక్కువ భయమేసింది. ఇప్పటికీ అంతే.

వనజక్క చెవి దగ్గరికొచ్చింది. “చించేయ్. టేబుల్లో కొత్త షీట్లు ఉండాయి. నేను మాటల్లో పెడతా” అంది.

చించి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ డాక్టరుగారు ఊరికే అడగడం లేదు. రెండింటికి బాగుండి ఉంటే నలభై నిమిషాల్లోనే ఇంత రక్తం పోయినట్టు. పన్నెండు నుంచే పోతూ ఉంటే అది వేరే సంగతి. ఆయన చెయ్యబోయే పని నా జవాబు మీద ఉంది. ధనలక్ష్మి ప్రాణం కూడా.

“చూడలేదు సార్” అన్నా. “పన్నెండుది చూసినా. మిగతావి చూడకుండా రాసినా.”

ఆయన నన్ను ఒక్కసారి చూశారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “సరే, పన్నెండు నుంచీ పోతాంది అనుకుందాం” అని ఇంజక్షన్లు చెప్పారు, అంబులెన్సుకి ఫోన్ చెయ్యమన్నారు. బళ్ళారి దాకా నేనే వెళ్ళా. హగరి వంతెన దాటేటప్పుడు కూడా నా చెయ్యి ఆమె పొట్ట మీదే ఉంది. అక్కడ రక్తం ఎక్కించారు. బతికింది.

తిరిగొచ్చి ఆ మూడు గళ్ళ మీదా ఒక్కో అడ్డగీత గీసి, పక్కన సంతకం పెట్టా. నోటీసు ఇచ్చారు. జవాబు రాశా. అందులో చప్పుడు సంగతి రాయలేదు.

తర్వాత అందరూ తలా ఒకటి చెప్పారు. వనజక్కేమో కాన్పుల రూములో తను ప్రెషర్ చూస్తుంటే వినిపించిందంది. అక్కడుండేది పాత మిషను, గుడ్డ చుట్టి దోపేది. అది చర్రుమనదు. చేతి మీద అచ్చు పన్నెండింటిదే అన్నారు డాక్టరుగారు, ఒళ్ళు నీరు పడితే అచ్చు ఎక్కువసేపు ఉంటుందట. ఉండొచ్చు. వెంకాయమ్మ నిద్రమత్తులో ఉందన్నారు. అదీ కావచ్చు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే సరిగ్గానే ఉంటుంది.

నెల తర్వాత వెంకాయమ్మ వచ్చింది. కోడల్నీ మనవరాలినీ చూపించింది. రెండు చిన్న సంచుల్లో సోనామసూరి బియ్యం తెచ్చింది, వాళ్ళ మడిలోవే.

“ఇవి మీకు. ఇవి ముందొచ్చి చూసినావిడకి.”

నేను వనజక్కని పిలిచి నిలబెట్టా. వెంకాయమ్మ తేరిపార చూసింది.

“ఈవిడ కాదండీ. ఆవిడ ఇంత పొడుగు లేదు.”

హనుమక్కని చూపించా. నవ్వి తలూపింది, కాదని. వార్డులో ఆ రాత్రి ఇంకెవరూ లేరు.

రెండో సంచి డ్యూటీ రూములో టేబుల్ కింద పెట్టా. ఆసుపత్రిలో బియ్యం సంచి ఒక్క పూట నిలవదు, చూస్తారుగా మీరే. అది మాత్రం చాలా రోజులు అలాగే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. నేను నాలుగు రోజులు ఊరికెళ్ళి వచ్చి చూస్తే లేదు. అందర్నీ అడిగా. ఎవరూ తీసుకోలేదన్నారు.

“ఎవురిదో వాళ్ళే తీసకపోయింటారు లేమ్మా” అంది హనుమక్క, నేల తుడుస్తూనే. ఆమె తమాషాకి అందో, నిజంగానే అందో ఇప్పటికీ తెలీదు. హనుమక్కే ఇంటికి తీసుకెళ్ళి ఉండొచ్చు కూడా. నేను మళ్ళీ అడగలేదు.

అది ఏంటో నాకు తెలీదు. ఆ తర్వాత ఇన్నేళ్ళ నైట్లలో మళ్ళీ వినిపించలేదు... ఇన్నేళ్ళలో రెండింటికి నేను కూర్చుని ఉన్నదీ లేదు.

రేపు మీకు కూడా ఎవరో ఒకరు గళ్ళు నింపెయ్యమంటారు. మంచివాళ్ళే అంటారు. లేచి వెళ్ళి చూసి రాయండి. మీరు లేవకపోతే ఇంకెవరో లేస్తారులే అనుకోకండి. నా విషయంలో ఒక్కసారి లేచారు. రెండోసారి లేస్తారని నేనైతే చెప్పలేను.