చెట్ల మొదళ్ళు చూసి కట్టిన హోటల్

మా లోయలో మంచు ఎంత పడుతుందంటే, ఒక ఏడాది పోస్ట్‌మాన్ ఉత్తరాన్ని పొగగొట్టంలోంచి జారవిడిచి, సంతకం కోసం తాడు వదిలాడు. నమ్మనివాళ్ళు జనవరిలో రండి, తాడు చూపిస్తాను.

అలాంటి చోట హిసానో సోబా నూడుల్స్ హోటల్ పెడతానంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కీయింగ్ రిసార్టు క్యాంటీన్లో కుండలతోపాటు తనూ ఉడికింది. రిటైరయ్యాక చేతికొచ్చినదంతా ఇందులోనే పోసింది. ఈ హోటల్ కప్పు కూలితే రెండో కప్పు వేయించే దిక్కులేదు.

టోక్యో నుంచి కురమోచి అనే ఆర్కిటెక్టు దిగాడు. మహానుభావుడు సరిగ్గా ఆగస్టులో వచ్చాడు. పచ్చటి వాలు, ఎదురుగా కొండ, కింద ఏరు చూసి మురిసిపోయాడు. కట్టడం ప్రకృతిలో కలిసిపోవాలంటూ వాలు నడిమధ్యన గాజు గోడ, చదునైన కప్పు, దానిమీద గడ్డి గీశాడు. ముసలి వడ్రంగి గెంపాచి ఆ బొమ్మ చూసి, జనవరికల్లా కలిసిపోతుందిలే, ఏప్రిల్లో తవ్వి తీద్దాం అన్నాడు.

ఊరు నవ్వింది. హిసానోకి నవ్వు రాలేదు. ఆర్కిటెక్టుని వాలు మీదికి తీసుకెళ్ళింది.

"ఈ దేవదారుల మొదళ్ళు చూడండి మాస్టారూ."

అన్నీ కొడవళ్ళలా వాలు కిందికి వంగి, ఆ తర్వాతే పైకి లేచాయి. ఎంత అందమైన వంపో అంటూ అతను ఫోన్ తీశాడు.

"ఏటా మంచు జారుతూ, మొక్కలుగా ఉన్నప్పుడే వీటి నడుం వంచేసిందండీ. మీ గాజు వంగుతుందా?"

ఇంజనీరు లెక్కలున్నాయన్నాడతను. చెట్లకి లెక్కలు రావు పాపం, అరవై ఏళ్ళుగా ఇక్కడ నిలబడ్డాయంతే అందామె. చెట్లు నిటారుగా ఉన్న మూల దాకా నడిచి, అక్కడే కట్టమంది. అక్కడ కొండ ఓ పక్కకి పోతుంది. ఎదురుగా గెంపాచి ముల్లంగులు ఆరేసే పాక, దాని పక్కన అతని లోదుస్తులు కనబడతాయి.

కురమోచి రెండు రోజులు అలిగి, మూడో రోజు గీశాడు. బాగా ఏటవాలు కప్పు, మంచు గుమ్మం మీద పడకుండా వెనక్కి జారే ఏర్పాటు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, గాజు గోడ లేవాల్సిన చోటు మీదుగా వాలు మీది మంచు మొత్తం జారి ఏట్లో పడింది. ఆ చప్పుడుకి కొత్త హోటల్లో పిండి పిసుకుతున్న హిసానో చేయి ఒక్క క్షణం ఆగింది.

వసంతంలో కురమోచి పత్రికవాళ్ళను వెంటేసుకొచ్చాడు. కొండ దృశ్యాన్ని కావాలనే దాచానని, అది తన సంయమనమని గంటసేపు చెప్పాడు. వాళ్ళు వెళ్ళాక గొంతు తగ్గించి, కొండ వైపు చిన్న కిటికీ అయినా పెట్టుకుందామా అని అడిగాడు.

హిసానో గిన్నె అతని ముందుకు జరిపింది.

"కొండని బయటికెళ్ళి చూడండి మాస్టారూ. తినేటప్పుడు గిన్నెలోకి చూడాలి."