బొట్టు మారిన డిస్కు

మా వదిన కోకిలకు మొండితనం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అవును, ఎక్కువే. అది లేకపోతే ఈపాటికి మా ఇంట్లో తెలుగు అక్షరం ఒక్కటీ మిగిలేది కాదు.

మాది తిరువళ్ళూరులో పాత్రల అంగడి, ఇల్లు మణవాళనగర్‌లో. మాట్లాడేది తెలుగు, బోర్డు మీద తమిళం, పిల్లలు చదివేదీ తమిళమే. అంగడిలో మూలపడేసిన కంప్యూటర్‌ను వదిన ఇంటికి తెచ్చి, యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి వేసింది. ఎక్కడెక్కడివాళ్ళో కొందరు జీతం లేకుండా సరదాగా రాసుకుంటున్నదట. అందులో తెలుగు లేదు. వదిన ఒక్కో అక్షరాన్నీ తెర మీద చుక్క చుక్కగా పేర్చి తయారుచేసింది. వత్తులతో సహా పూర్తయ్యేసరికి ఏళ్ళు పట్టింది.

"ఈ డబ్బాలో తెలుగు ఎవురు సదవతారు కోకిలా?" అని పక్క వీధిలో ఉండే మా పెద్దన్న ద్వారకనాథ్ ఎగతాళి చేసేవాడు.

"నేను సదవతా బావా. చాలదా?" అనేది వదిన.

ఈమధ్య ఆ అక్షరాలున్న హార్డ్ డిస్కు కరకరమనడం మొదలుపెట్టింది. వేరే కాపీ లేదు. వదిన ఇంకొంచెం పెద్ద డిస్కు కొనుక్కొచ్చింది. పైకి రెండూ ఒకేలా ఉన్నా గుర్తుకు ఇబ్బంది లేదు. పోయిన ఆయుధపూజ నాడు అంగడిలో తక్కెడకు పెట్టినట్టే, వదిన కంప్యూటర్ విప్పి అందులోని డిస్కుకూ బొట్టు పెట్టి ఉంది. బొట్టున్నది పాతది, లేనిది కొత్తది.

రెండింటినీ బల్ల మీద పెట్టి, స్క్రూడ్రైవర్ కోసం పక్కింటికి వెళ్ళొచ్చింది. బొట్టు చూసి వైర్లు తగిలించింది. బొట్టున్నదాంట్లోది లేనిదాంట్లోకి కాపీ చెయ్యమని టైపు చేసింది. 'నిజంగానా?' అని అడిగే రకం కాదు ఆ సిస్టమ్. చెప్పింది చేసేస్తుంది.

అప్పుడే మా అమ్మ సుందరవల్లి కాఫీ తెచ్చింది. "కొత్త సామానుకు బొట్టు పెట్నాను కోకిలా. పాతది పాత ఇనుముకే కదా పొయ్యేది, బొట్టుతో పంపకూడదని తుడిచేసినా."

వదిన వైర్లు పీకేసింది. అప్పటికే ఆలస్యమైంది. ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద పడింది. తంటాలుపడి వెతికితే హల్లులు చాలావరకు దొరికాయి, అచ్చుల్లో ఒక్కటీ లేదు. ఇంక 'అమ్మ' అని కూడా రాయలేం. నాకు ఏడుపొచ్చింది. అమ్మ ముఖం పాలిపోయింది.

పెద్దన్న వచ్చి, "పోదుం కోకిలా, చాలింక. ఇంకనైనా ఆ డబ్బాను పారేసి అందరి మాదిరి ఒకటి కొనుక్కో" అన్నాడు.

వదిన అతనివైపు చూడనైనా చూడలేదు. "అత్తా, అత్తిమంజేరిపేట బళ్ళో మీరు తెలుగే కదా సదివినారు? చుక్కలు పెట్టి ముగ్గులో 'అ' వెయ్యండి. నేను చూసి దించుకుంటా."

తెల్లవారి వాకిలి నిండా 'అ' ఉంది. వదిన దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకుని లోపలికి పోయింది. "ఇదెన్న కోలం?" అని, ఇదేం ముగ్గని ఎదురింటావిడ తమిళంలో అడిగితే, "కోలం కాదు, మా అక్షరం" అని అమ్మ తమిళంలోనే జవాబిచ్చింది.

అంగడి తాళాల కోసం వచ్చిన పెద్దన్న గేటు దగ్గర ఆగిపోయాడు. "దీన్ని యాడమ్మా వేసేది, వాకిట్లోనా? ఎవురు సదవతారు?"

అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "నువ్వు సదువు. నీకు చెయ్యి పట్టి దిద్దించినదాన్ని నేనే. గట్టిగా చెప్పినాకే లోపలికి రా."

వీధిలో నలుగురూ చూస్తున్నారు. పెద్దన్న చెప్పులు విప్పి, "అ" అన్నాడు.

లోపలి నుంచి వదిన కేకేసింది. "ఇది అయింది అత్తా, 'ఆ' వెయ్యండి!"