నిద్రపోనివ్వమన్న పెదనాన్న

మా పెదనాన్న ప్లంబర్. మహా చాదస్తుడు. గోడలో పైపులు అతికించాక, వాటి నిండా నీళ్లు నింపి ఒక రాత్రంతా వదిలేస్తేగానీ మేస్త్రీని సిమెంటు పుయ్యనిచ్చేవాడు కాదు.

"పైకి బాగానే ఉందిగా!" అని మేస్త్రీ నెత్తీ నోరూ కొట్టుకునేవాడు.

"పైకి అన్నీ బాగానే ఉంటాయి. రేపు రా," అనేవాడు పెదనాన్న. ఆయనతోపాటే పనిచేసే మా నాన్న ఇంటికొచ్చి ఆ మాటల్ని అచ్చం ఆయనలాగే అని చూపించి మమ్మల్ని నవ్వించేవాడు.

ఒకరోజు నిచ్చెన మీదున్న పెదనాన్న చేతిలోంచి ఇనుప పైపు జారి, కింద నిచ్చెన పట్టుకున్న నాన్న తలకు తగిలింది. నాన్న కూలబడి, కాసేపటికి లేచి నవ్వాడు.

"నా తలకేం కాలేదన్నయ్యా. పైపు సొట్టపోయిందేమో చూసుకో."

రక్తం కారలేదు. నడిచే ఇంటికొచ్చాడు. తల దిమ్ముగా ఉందన్నాడు, అన్నం వద్దన్నాడు. ఆస్పత్రికి వెళ్దామా అని అమ్మ రెండుసార్లు అడిగింది.

"బాగానే ఉన్నాడుగా. నిద్రపోతే సర్దుకుంటుంది. లేపకమ్మా," అన్నాడు పెదనాన్న. పైపుల దగ్గర ఒప్పుకోని మాటను తమ్ముడి దగ్గర ఎలా ఒప్పుకున్నాడో! తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

తెల్లారేసరికి నాన్న వాంతి చేసుకున్నాడు. ఎంత పిలిచినా కళ్లు తెరవలేదు.

ఆస్పత్రిలో, వాపుకు చోటివ్వడానికి పుర్రెలో ఒక ముక్క తీశారు. డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది: "మెదడు కణాల గోడల్లో నీళ్లు వెళ్లే సన్నటి దారులుంటాయి. అవి ప్రోటీన్లు. దెబ్బ తగిలాక వాటిగుండా నీళ్లు లోపలికి చేరి కణాలు ఉబ్బుతాయి. చుట్టూ ఉన్నది ఎముక, అది సాగదు కదా."

"వాటిని కట్టేసే మందు లేదామ్మా?" అన్నాడు పెదనాన్న.

"ఇంకా వెతుకుతున్నారు. పైగా, తర్వాత ఎక్కువైన నీళ్లు బయటికి పోవడానికీ ఆ దారులే కావాలి. ఊరికే మూసేస్తే కుదరదు. ఈ వాపు గంటగంటకీ పెరుగుతుందండీ. నిన్ననే తీసుకొచ్చి ఉంటే..." అని ఆగిపోయింది.

నాన్న బతికాడు. కానీ ఆ రోజు తర్వాత జరిగినదేదీ ఆయన మనసులో నిలవదు. పెదనాన్న పని మానేసి, పక్కనే ఉండి స్నానం చేయిస్తాడు, అన్నం తినిపిస్తాడు. ఆయన్ని చూస్తే జాలేస్తుంది. క్షమించడం మాత్రం నాకు చేతకావడం లేదు.

నాన్నకు క్షమించాల్సింది ఉందనే తెలియదు. రోజూ లేవగానే పెదనాన్న చేతులు పట్టుకుని కంగారుగా తడిమి చూస్తాడు.

"పైపు జారింది కదన్నయ్యా, నీకేం తగల్లేదు కదా?"

"లేదురా," అంటాడు పెదనాన్న.