డ్రైవర్ వాల్వులు ఎంచిన ఆదివారాలు

మొన్న ఆదివారం పొద్దున కాఫీ కలుపుకుని, వీణ రికార్డు పెట్టుకుని కూర్చున్నానో లేదో ఎడమ స్పీకరులో చిటపట మొదలైంది. పచ్చి కట్టెలు పొయ్యిలో పెట్టినట్టు చిన్న చప్పుడు, కాసేపు ఆగడం, మళ్లీ రావడం. నార్సింగిలో తొమ్మిదో అంతస్తు మాది. అలవాటు కొద్దీ మాది అంటున్నాను గానీ, మా ఆయన పోయిన దగ్గర్నుంచీ ఇక్కడ ఉండేది నేనొక్కదాన్నే. పక్కన కడుతున్న భవనం మోతేమోనని కిటికీ మూశాను. మోత తగ్గింది గానీ చిటపట తగ్గలేదు. ఆయన తన చేతులతో చేసిన ఆంప్లిఫయరులో వాల్వుకు వయసైపోయిందని అప్పుడు తెలిసింది.

మన వయసు వాళ్లకు వాల్వు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. పెద్ద రేడియో వెనక అట్ట సందుల్లోంచి ఎర్రగా వెలిగే గాజు బుడ్లను చూస్తూ పెరిగినవాళ్లమే అందరమూ. మా ఆంప్లిఫయరులో అలాంటివి ముందు చిన్నవి రెండు, వెనక పెద్దవి నాలుగు ఉంటాయి. రికార్డు నుంచి వచ్చే సన్నని శబ్దాన్ని మొదట చిన్నవి అందుకుని, పెంచి, పెద్దవాటిని నడిపిస్తాయి కాబట్టి వాటిని డ్రైవర్ వాల్వులంటారు. స్పీకరును కదిలించే బలం పెద్దవాటిదే అయినా, పాట పలికే తీరంతా చిన్నవాటి చేతిలోనే ఉంటుందనేవారాయన.

మేము అనంతపురం నుంచి వచ్చి కూకట్‌పల్లిలో కాపురం పెట్టిన రోజుల్లో ఆయనకు జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. గాలి పంపే పెద్ద యంత్రాల గదిలో ఆయన పని, పక్కమనిషి అరిచినా వినపడని చోటు. నాకు మాదాపూరులో ఒక కంపెనీలో ఫోన్ బోర్డు దగ్గర ఉద్యోగం. అప్పటికి ఆ ప్రాంతమంతా బండరాళ్లే, వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి అద్దాల భవనం లేచేది. రోజంతా చెవికి రిసీవరు ఆనించుకుని కూర్చునేదాన్ని. ఎవరు ఫోన్ చేశారో పేరు చెప్పకముందే గొంతును బట్టి పట్టేసేదాన్ని. జలుబు చేసిందా, కోపంగా ఉన్నారా, పక్కన ఎవరో ఉండి మాట దాస్తున్నారా, అన్నీ తెలిసిపోయేవి. ఆ చెవులు చూసే ఆయన నన్ను ఈ వాల్వుల పనిలోకి లాగారనుకునేదాన్ని చాలాకాలం.

కోఠీలో పాత సామాన్ల కొట్లు తిరిగి ఆయన వాల్వులు తెచ్చేవారు. నంబరు ఒకటే అయినా ఒకటి ఒక దేశంలో చేసింది, ఇంకొకటి ఇంకో దేశంలో చేసింది, దేని గొంతు దానిదే. ఒకటి పెడితే వీణ తీగ మీద గోరు తగిలిన గీర కూడా వినపడేది. ఇంకొకటి పెడితే అదే వీణ పక్క గదిలో మోగినట్టు మెత్తగా వచ్చేది. ఆదివారం టిఫిన్లయ్యాక నేను ఆంప్లిఫయరుకు వీపు పెట్టి కూర్చోవాలి. ఆయన స్విచ్చు ఆపి, వాల్వు చల్లారేదాకా ఆగి, గుడ్డతో పట్టుకుని పీకి ఇంకొకటి పెట్టేవారు. ఏది పెట్టారో చెప్పేవారు కాదు. తెలిసి వింటే చెవి అబద్ధం చెబుతుందని ఆయన నమ్మకం. ఒక్కోసారి ఏమీ మార్చకుండానే మార్చినట్టు నటించి, నేను తేడా చెబితే నవ్వేవారు కూడా.

ఒక ఆదివారం కొత్తగా తెచ్చిన జత పెట్టారు. రికార్డు మొదలుకాగానే వీణ పైన సన్నగా, సూదిలా ఒక కూత. చెవులు మూసుకుని వెనక్కి తిరిగాను. ఆయన మాత్రం ప్రశాంతంగా తల ఊపుతూ, "ఇది బలే ఉండాది కదా మే?" అన్నారు.

"మీకా కూత వినపడ్లేదా?" అన్నాను.

"ఏం కూత?"

ఆయన నా మొహం చూసి, స్పీకరు దగ్గరికి వెళ్లి, జాలీకి చెవి ఆనించి చాలాసేపు అలాగే వంగి నిలబడ్డారు. తర్వాత లేచి స్విచ్చు ఆపేశారు. జీడిమెట్ల యంత్రాలు ఆయన చెవుల్లో పై స్వరాలన్నీ ఎప్పుడు తినేశాయో మా ఇద్దరిలో ఎవరం గమనించుకోలేదు. ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర అడిగాను, ఇక ఈ వాల్వులూ ఇదీ ఎందుకు, మానేద్దామా అని. ఆయన మజ్జిగ కలుపుకుంటూ, "నువ్వు వింటాండావు కదా, సాలు" అన్నారు.

అంతే, మానలేదు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి తను సగమే వినగలిగిన పాట కోసం ఆయన మార్చారు, నేను ఎంచాను. చివరికి నాకు నచ్చిన ఒక జత కుదిరింది, దాన్ని మళ్లీ తీయలేదు. ఆ జతలో ఒకటే ఇప్పుడు పోయింది.

ఆయన నేర్పినట్టే చిన్న వాల్వులను కుడిది ఎడమకీ ఎడమది కుడికీ మార్చి చూశాను. చిటపట కుడివైపుకు వచ్చింది, సందేహం లేదు. అట్టపెట్టె దించాను. కాగితాల్లో చుట్టిన మిగతా జతలన్నీ అందులోనే ఉన్నాయి. ఒక జత పెట్టి విన్నాను, తీసి ఇంకొకటి పెట్టి విన్నాను. పెట్టిందీ నేనే, వినేదీ నేనే. ఏది పెట్టానో తెలిసిన చెవికి, ఆయన ముచ్చటపడి తెచ్చిందల్లా బాగానే ఉన్నట్టుంది.

ఎదురింటావిడను పిలిచాను. ఈ నార్సింగి ఊళ్లోనే పుట్టిన మనిషి. ఈ భవనాలున్న చోట వాళ్ల జొన్న చేలుండేవట. నన్ను వదినా అంటుంది. నేను వెనక్కి తిరిగి కూర్చుంటాను, నువ్వు మార్చమంటే, "అమ్మో, కరెంటు సామాను నేను ముట్ట" అంది. సరే, నేనే మారుస్తాను, విని చెప్పమన్నాను. ఇద్దరికీ మళ్లీ కాఫీ కలిపి తెచ్చాను. పాపం బుద్ధిగా కూర్చుని రెండు జతలూ వింది.

"నాకైతే రెండు ఒక్క తీరే ఉన్నయ్ వదినా" అంది. తర్వాత నా గ్లాసు కేసి చూసి, "కానీ రెండోది పెట్టినప్పుడు నువ్వు కాఫీ మర్చిపోయినవ్. గదే పెట్టు" అంది.

చూస్తే నిజంగానే గ్లాసులో కాఫీ మీద మీగడ కట్టి ఉంది. కోడలు పిలిచిందని ఆవిడ వెళ్లిపోయింది. రెండో జతనే ఉంచేశాను. చిటపట లేదు. పాత జతంత నిండుగా పలకడం లేదు, లేదా నా చెవులకూ వయసు వచ్చిందేమో, ఎవరిని అడగను?

పాట మధ్యలో లేచి ఇల్లంతా ఒకసారి తిరిగాను. కూకట్‌పల్లి ఇంట్లో నేను వినడానికి కూర్చుంటే ఆయన ఫ్యాను ఆపేవారు, కుక్కరు దించేవారు, వీధి తలుపు దగ్గరికి వేసి, చెమటలు కక్కుతూ కదలకుండా నిలబడేవారు. ఎంత చేసినా ఏ కూరగాయల బండివాడో అరిచేవాడు, మళ్లీ మొదటికి వచ్చేది. ఇప్పుడీ అద్దాల కిటికీలు మూస్తే చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. లిఫ్టులో పదిమంది ఎక్కినా ఎవరి పాట వాళ్ల చెవుల్లోనే, బయటికి ఒక్క ముక్క రాదు. ఆ రోజుల్లో మాకు ఎంత వెతికినా దొరకని నిశ్శబ్దం ఇప్పుడు కావలసినంత ఉంది. అది నాకోసం ఒకరు చేసిపెట్టింది మాత్రం కాదు.