కొత్త స్విచ్‌కు బొట్టు

భీమ్‌గల్, ఇందల్వాయి దాకా కనెక్షన్లు పెరిగి ఆ లైన్లన్నిటినీ కలిపే పాత స్విచ్ పెట్టె చాలకపోవడంతో, మా నిజామాబాద్ ఇంటర్నెట్ ఆఫీసుకు కొత్తది తెప్పించాం. పాతదాని లోపల, లైన్లు తగిలించే ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు సమాచారం రాగి తీగల్లో పోయేది. లోడు పెరిగేకొద్దీ పెట్టె సెగలు కక్కేది. కొత్తదాన్లో ఆ పని వెలుతురుది. వెంట్రుకంత గాజుపోగుల్లో నడుస్తుంది. కార్డులు పెరిగితే ఇంకొన్ని పోగులు కలుపుకుంటే సరి.

దసరా పొద్దున, పోగులు కలపడానికి కొత్త పెట్టె రంధ్రాల మూతలన్నీ తీసిపెట్టి టిఫినుకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆఫీసు ఊడ్చే అక్క ఆయుధపూజ చేసేసింది. ప్రతి రంధ్రానికీ పసుపు, కుంకుమ!

"నిన్నెవరు పెట్టుమన్నరక్కా?" అని అరిచాను.

"బాయికాడి మోటరుకు పెడ్తం, ట్రాక్టరుకు పెడ్తం. గింత పెద్ద మిషన్‌కు పెట్టకుంటె ఎట్ల తమ్మీ?" అంది బిక్కమొహంతో.

పసుపు రేణువు అడ్డుపడితే వెలుతురు దాటదని చెప్పాను. నేను ఒక్కో రంధ్రం తుడుస్తుంటే, ఆమె పండగపూట ఇంటికి కూడా పోకుండా పక్కనే నిలబడి టార్చి పట్టింది. నా కోపం ఎప్పుడు దిగిందో నాకే తెలియలేదు.

మరుసటి దసరాకు కుంకుమ భరిణె నేనే తెచ్చిచ్చాను. ఆమె ముందుగా ఖాళీ రంధ్రాలన్నిటికీ రబ్బరు మూతలు పెట్టింది. ఆ తర్వాతే పెట్టె నెత్తిన బొట్టు దిద్దింది.

"పోరగాండ్లకు బొట్టు పెట్టేటప్పుడు కండ్లు మూసుకొమ్మంటం గద తమ్మీ," అంది.